పలక పక్కన ఫోను
(జోనల్ కార్యాలయంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'చిన్నపిల్లలు - చదువు యాప్‌లు' అనే విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. నేను విద్యావేత్తను కాను, పిల్లల డాక్టరునూ కాను. రుణాల విభాగంలో ఆఫీసరును, ఐదున్నరేళ్ల పాపకు తల్లిని. అందుకని ఈ యాప్‌లను కూడా రుణ దరఖాస్తు చూసినట్టే చూశాను. ఏం ఇస్తానంటోంది, బదులుగా ఏం అడుగుతోంది, చివరికి చేతికొచ్చేది ఎంత? ఈ మూడే నా ప్రశ్నలు.

ముందుగా మనకు వీటి అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. మా పాప తెనాలిలో పుట్టింది, విజయవాడలో మాటలు నేర్చింది. దానికి మూడేళ్లు నిండేసరికి నాకు నాగపూర్ బదిలీ అయింది. బళ్లో ఇంగ్లీషు, ఆటల్లో హిందీ, ఇంటిపనికి వచ్చే అక్కతో మరాఠీ. తెలుగు మా ఇంటి నాలుగు గోడల మధ్యే. ఈ హాల్లో కూర్చున్న చాలామంది ఇళ్లలోనూ ఇదే కథ. లక్నోలో ఉన్నా, భువనేశ్వర్‌లో ఉన్నా, ఇండోర్‌లో ఉన్నా తెలుగు చెప్పే బడి మన వీధిలో ఉండదు. మూడేళ్లకో బదిలీ వచ్చే ఉద్యోగంలో పిల్లలకు తెలుగు మాట్లాడడం వస్తుంది కానీ చదవడం రాదు. ఆ ఖాళీ పూరించడానికే చాలామందిమి ఫోను వైపు చూశాం. సరదా కోసం కాదు, భాష చేజారిపోతుందన్న బెంగతో. ఇప్పుడు నేను అడిగేదల్లా, ఆ బెంగను ఈ యాప్‌లు తీరుస్తున్నాయా అని.

అఆలు నేర్పే యాప్‌లు తెలుగులో బోలెడున్నాయి. దాదాపు అన్నిటి తీరూ ఒకటే. రంగురంగుల అక్షరం, పక్కన బొమ్మ, వెనక పాట. మా పాప అలాంటి ఒక యాప్‌లో అచ్చులన్నీ పూర్తి చేసి నక్షత్రాలన్నీ తెచ్చుకుంది. ఆ వారంలోనే మా అత్తగారు తెనాలి నుంచి పంపిన తెలుగు క్యాలెండరు గోడకు తగిలించాం. 'ఆదివారం' అన్న మాటలో మొదటి అక్షరం చూపించి ఏమిటమ్మా ఇది అని అడిగాను. అది తేరిపార చూసి, "ఆవు లేదుగా" అంది.

పాప తప్పేమీ లేదు. యాప్‌లో ఆ అక్షరం పక్కన ఎప్పుడూ ఆవే ఉంటుంది. పిల్ల చూసేది ఆవును, పలికేది ఆవును. అక్షరం ఆ బొమ్మకు వేసిన చట్రంలాంటిది. అప్పటి నుంచి నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. బొమ్మ మీద బొటనవేలు అడ్డం పెట్టి, అప్పుడు అక్షరం అడుగుతాను. చెబితే వచ్చినట్టు, చెప్పకపోతే బొమ్మే వచ్చినట్టు. మీ ఇంట్లో ఇవాళే చేసి చూడవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇంకో తమాషా గమనించాను. మన అక్షరాల పాఠం 'అ - అమ్మ'తో మొదలవుతుంది. అంతకన్నా మంచి మాట ఏముంటుంది! కానీ ఆ మాటలోనే మ వత్తు ఉంది. తెలుగు చదువులో వత్తులు వచ్చేది చివరికి, అచ్చులు, హల్లులు, గుణింతాలు అయ్యాక. అంటే పిల్ల చూసే తొలి మాటే తను చదవలేని మాట. 'ఇ - ఇల్లు' దగ్గర మళ్లీ ల వత్తు. బడిలో పంతులమ్మ అయితే ముందు తల, వల, కల, పలక, పడవ అంటూ వత్తులు లేని మాటలు చదివించి, పిల్లకు 'నేను చదివేశాను' అన్న ఉత్సాహం కలిగించి, ఆ తరవాత ముందుకు నడిపిస్తుంది. నేను చూసిన యాప్‌లు చాలావరకు అచ్చులు, హల్లులు చూపించి అక్కడితో ఆగిపోయాయి. గుణింతాలు ఉన్నచోట వాటిని పాటలా వల్లె వేయించడమే. తెలుగు చదవడంలో అసలు కష్టమంతా గుడికీ గుడిదీర్ఘానికీ, కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా పట్టుకోవడంలో ఉంది. 'పలక' చదివిన పిల్ల 'పిలక' చదవగలగాలి, 'పులి' చదవగలగాలి. యాప్ కొనేముందు అందులో ఇది ఉందా లేదా అని చూడండి. ఎన్ని బొమ్మలున్నాయన్నది ఆ తరవాతి సంగతి.

దిద్దించే యాప్‌లూ ఉన్నాయి. అద్దం మీద చుక్కల గీత వెంట వేలు పోనివ్వాలి. చాలా వాటిలో ఎక్కడ మొదలుపెట్టినా, ఏ వైపుకు తిప్పినా గీత నిండితే చాలు, చప్పట్లు వినిపిస్తాయి. మన అక్షరాలన్నీ వంపులు, గుండ్రాలు. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలన్నది చేతికి అలవాటు కావాలి. వ కీ ప కీ, ద కీ ధ కీ మధ్య ఉన్న చిన్న తేడా బలపం పట్టుకున్నప్పుడే తెలుస్తుంది, పైగా పలక మీద వంకర పడితే వంకరగానే కనిపిస్తుంది. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో పిల్ల వేలు పట్టుకుని దిద్దిస్తాం కదా. ఆ పట్టుకునే చెయ్యి యాప్‌లో లేదు. అందుకే మా ఇంట్లో ఫోను పక్కనే పలక కూడా ఉంటుంది. తెర మీద చూసిన అక్షరం పలక మీదికి రావాలి. వచ్చాకే రెండోది.

తప్పు నొక్కితే వచ్చే శబ్దం సంగతి కూడా చెబుతాను, నవ్వుకోవడానికి. ఒక లెక్కల యాప్‌లో సరైన జవాబుకు గంట మోగుతుంది, తప్పు జవాబుకు కప్ప బెకబెకమంటుంది. మా పాపకు కప్ప నచ్చింది. మూడు ఆపిల్ పళ్లు కనిపిస్తుంటే ఐదు నొక్కి, కప్పను అరిపించి, పొట్ట పట్టుకుని నవ్వుతుంది. దానికి మూడు లెక్కపెట్టడం రాదనుకుంటున్నారా? గిన్నెలో ఉన్న పకోడీలు దానికీ మాకూ సమంగా పంచేది అదే! యాప్ మాత్రం 'మీ బిడ్డకు మరింత సాధన అవసరం' అని నాకు నివేదిక పంపింది. అందులోని శాతాలు చూసి కంగారు పడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే, ఆ శాతం వెనక ఒక కప్ప ఉండవచ్చు.

ఇక ఎంతసేపు అన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర తగదు. రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. చదువు యాప్ అయినంత మాత్రాన ఆ గంట పెరగదు. ఇది విని ఇక్కడున్న అమ్మల ముఖాలు చిన్నబోయాయి, నాకు కనిపిస్తోంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, సాయంత్రం ఏడున్నరకు వచ్చి కుక్కర్ పెట్టే వేళ పిల్లకు ఇరవై నిమిషాలు ఫోను ఇవ్వడం నేరమేమీ కాదు. కానీ దాన్ని చదువు అనకండి. అది మనకు దొరికిన ఊపిరి. చదువు ఆ తరవాత మనం పక్కన కూర్చున్నప్పుడు జరుగుతుంది.

పక్కన కూర్చోవడం అంటే తప్పులు దిద్దుతూ కూర్చోవడం కాదు. తెర మీద ఏనుగు వస్తే, "మొన్న గుళ్లో చూశాం కదా, ఏం తిన్నది?" అని అడగడం. యాప్ 'శభాష్' అంటుంది కానీ పాప చెప్పిన అరటిపండు కథ వినదు. పిల్ల ఒకటి చెబితే దానికి తగినట్టు మనం ఇంకొకటి అనడంలోనే మాట పెరుగుతుంది. మా అత్తగారితో వీడియో కాల్‌ను అందుకే నేను ఆ గంటలో లెక్కెయ్యను. అటు నుంచి నాన్నమ్మ "క తో ఒక కూర చెప్పవే" అంటుంది, ఇటు నుంచి ఇది "కాకరకాయ, నాకొద్దు" అంటుంది. అదీ ఫోనే. కాకపోతే అవతల మనిషి ఉంది.

మంచివి లేవా అంటే, ఉన్నాయి. గూగుల్ సంస్థ 2019లో 'బోలో' పేరుతో తెచ్చి, తరవాత 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చిన యాప్‌లో తెలుగు కథలూ ఉన్నాయి. పిల్ల పైకి చదువుతుంటే అది వింటుంది. మాట రాకపోతే దాని మీద వేలు పెడితే పలికి వినిపిస్తుంది. అక్షరాలు కాస్త వచ్చిన, ఐదేళ్లు దాటిన పిల్లల కోసం చేసింది అది. మూడేళ్ల వాళ్ల ముందు పెడితే లాభం లేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు బొమ్మల కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. వాటిని దించుకుని ప్రింటు తీసుకోవచ్చు కూడా. ఆఫీసు ప్రింటర్ మీద అని నేను అనలేదు, మేనేజరుగారు ఇటే చూస్తున్నారు.

కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 'జాదూయీ పిటారా' విడుదల చేసింది. జాదూ పెట్టె అన్నమాట. అందులో ఏమున్నాయో తెలుసా? ఆటబొమ్మలు, తోలుబొమ్మల్లాంటి బొమ్మలు, పజిళ్లు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు. దాని యాప్ రూపం మరుసటి ఏడాది వచ్చింది. ముందు చేతికి వస్తువు, తరవాతే తెర. ఆ వరస నాకు నచ్చింది.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన మాట. ఇంట్లో బ్యాంకు మనిషి ఉండి కూడా జాగ్రత్త పడకపోతే ఎలా?

'ఏడు రోజులు ఉచితం' అనే యాప్‌లు చాలాచోట్ల మొదటి రోజే ఒకటో రెండో రూపాయలతో మ్యాండేట్ తీసుకుంటాయి. ఎనిమిదో రోజు నుంచి అసలు కోత. ఫోను నుంచి యాప్ తీసేస్తే చందా ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. యూపీఐ ఆటోపే అయితే మీ యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆ మ్యాండేట్ రద్దు చెయ్యాలి, యాప్ స్టోర్ ద్వారా కడుతుంటే అక్కడి చందాల జాబితాలో రద్దు చెయ్యాలి. కార్డుల మీద ఇలాంటి కోతలకు 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు అమల్లో ఉన్నాయి. మొదటిసారి నమోదుకు అదనపు ధ్రువీకరణ కావాలి. డబ్బు పోవడానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి. ఆ మెసేజ్ చదవకుండా పక్కకు నెట్టేసేది మాత్రం మనమే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. మా బ్రాంచికి వచ్చిన ఒక ఖాతాదారు, కరెంటు పని చేసుకునే మనిషి, యూకేజీ చదివే కొడుకు కోసం ట్యాబ్‌తో పాటు కోర్సు తీసుకున్నాడు. 'మీవాడు వెనకబడిపోతున్నాడు' అని ఎవరో ఫోన్ చేసి చెప్పారట. నెలనెలా కడుతున్నది ఫీజు వాయిదా అనుకున్నాడు. తీరా కాగితాలు చూస్తే అది ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు. కోర్సు మానేసినా కిస్తు ఆగలేదు. యూకేజీ పిల్లాడు ఎవరికంటే వెనకబడ్డాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో తల్లిదండ్రులకు ఇచ్చిన సూచనల్లో ఈ రెండూ ఉన్నాయి. ఆటోమేటిక్ డెబిట్ పెట్టుకోవద్దని, మీకు తెలియని రుణానికి సంతకం చేయవద్దని. మీ పక్కింటివాళ్లకు, మీ ఇంటిపనికి వచ్చేవాళ్లకు ఈ మాట చెప్పండి. వాళ్లు మనల్ని అడగడానికి మొహమాటపడతారు.

ఫోను పిల్ల చేతికిచ్చేటప్పుడు అందులో మన బ్యాంకు యాప్, ఓటీపీ మెసేజ్‌లు అన్నీ ఉంటాయని మరిచిపోవద్దు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ పెడితే పిల్ల ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేదు. అనుమతులు కూడా చూడండి. పైకి చదివించే యాప్ మైకు అడగడంలో అర్థముంది. అఆలు నేర్పడానికి మన కాంటాక్టులు, మనం ఎక్కడున్నామన్నది దానికి దేనికి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. సమ్మతి అంటే చదవకుండా నొక్కే 'ఓకే' కాదని మనకు వేరే చెప్పాలా!

మాట్లాడే ముందు ఒకరు అడిగారు, 'ఇవన్నీ సరే మేడమ్, ఏది వేసుకోమంటారు?' అని. రెండేళ్ల లోపైతే ఏదీ వద్దు. మూడు, నాలుగేళ్ల వాళ్లకు బొమ్మల కథ ఒకటి, మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని మీ గొంతుతో. ఐదు దాటి అక్షరాలు వచ్చినవాళ్లకు పైకి చదివించే యాప్, రోజుకు పదిహేను నిమిషాలు, పక్కన పలక. మా పాప ఇప్పుడు క్యాలెండరులో ఆదివారం, సోమవారం చదువుతోంది. శుక్రవారం దగ్గర ర వత్తుతో కుస్తీ పడుతోంది.

నేను ప్రింటు తీసిన కథలు ఒక పది ఆ కిటికీ పక్క బల్ల మీద పెట్టాను, బయటి షాపులోనే తీయించాను. వెళ్లేటప్పుడు పిల్లలు తలా ఒకటి తీసుకోవచ్చు. మ్యాండేట్ రద్దు చెయ్యడం రానివాళ్లు టీ సమయంలో నా దగ్గరికి ఫోను పట్టుకుని రండి, చేసి చూపిస్తాను.