మా వసారాలోని గుర్రపురౌతు

మా ఊరు ఎర్రుపాలెం. కాజీపేట నుండి బెజవాడ పోయే రైలుమార్గంలో చిన్న స్టేషను. మా ఇంటి వసారాలో దేవుళ్ళ పటాల సరసన ఒక పెద్ద తైలవర్ణచిత్రం వ్రేలాడుతూ ఉండేది. మా తాతగారు హైదరాబాదులో పాతసామానుల వేలంలో కొని తెచ్చినది. వెడల్పాటి అంచుటోపీ పెట్టుకొన్న రౌతొకడు గుర్రమెక్కి పశువుల మందను తరుముతూ ఉంటాడు. చిత్రకారుని సంతకం లేదు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రం వచ్చిన తరువాత, మా యింటికి వచ్చిన వారందరూ ఆ రౌతును కృష్ణగారే అనేవారు!

ఆ పటాన్ని మొదట విమర్శించినవాడు మా పసులకాపరి. అందులో గుర్రం ముందుకాళ్ళు ముందుకూ, వెనుకకాళ్ళు వెనుకకూ చాచి గాలిలో తేలుతున్నది. “ఇట్ల చాపితే పొట్టమీద పడతది బాబూ” అన్నాడాయన. మేము నవ్వినాము. నవ్వవలసిన పని లేదని చాలా కాలానికి తెలిసినది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జి అనే ఛాయాగ్రాహకుడు దౌడుతీసే గుర్రాన్ని వరుసగా నిలిపిన కెమేరాలతో పట్టి చూపినాడు. నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణం ఉన్నమాట నిజమే; కాని అప్పుడవి చాచుకొని ఉండవు, పొట్టక్రింద ముడుచుకొని ఉంటాయి. తరతరాలుగా ఐరోపా చిత్రకారులు గీసినది తప్పని తేలినది.

ఈ సత్యాన్ని కుంచెకు ఎక్కించినవారిలో ఫ్రెడెరిక్ రెమింగ్టన్ ముఖ్యుడు. 1889లో ఆయన వేసిన ‘ఎ డాష్ ఫర్ ది టింబర్’ నాలుగడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు గల తైలచిత్రం. చెట్లచాటుకై ప్రాణాలు అరచేత పట్టుకొని దౌడుతీసే రౌతులు చూచేవాని మీదికే వస్తున్నట్లుంటారు. రెమింగ్టన్ న్యూయార్కు రాష్ట్రంలో పుట్టినవాడు. చార్లెస్ రసెల్ అట్లా కాదు. పదహారవ ఏట, 1880లో, మొంటానా చేరి యేళ్ళ తరబడి మందలు కాచినాడు. 1886–87 శీతకాలంలో మంచు ముంచి పశువులు వేలకు వేలు చచ్చినవి. మంద ఎట్లున్నదని యజమాని వ్రాసి అడిగితే, రసెల్ చిన్న అట్టముక్కమీద బక్కచిక్కిన ఆవునూ, చుట్టూ కాచుకొన్న తోడేళ్ళనూ నీటిరంగులతో గీసి పంపినాడు. మా పసులకాపరి దానిని చూచి ఉంటే ఒక్క మాట అనేవాడు కాడు.

ముళ్ళతీగ కంచెలు వచ్చి బీళ్ళన్నీ బందైన తరువాత ఈ చిత్రాలకు గిరాకి పెరిగినది. టెక్సాసులో పత్రికాధిపతి ఆమన్ కార్టర్ రెమింగ్టన్, రసెల్ చిత్రాలను కూర్చినాడు. 1955లో ఆయన పోయినాడు. 1961లో ఆయన పేర ఫోర్ట్ వర్త్‌లో మ్యూజియం తెరచినారు. రెమింగ్టన్ దౌడు ఇప్పుడు అక్కడనే ఉన్నది.

అంత దూరం పోలేనివారికి హైదరాబాదున్నది. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూర్చిన వస్తుజాలంలో పాశ్చాత్య తైలచిత్రాలు కూడా కలవు. 1951 డిసెంబరులో దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఆ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారినది. కౌబాయిని వెదుకుతూ పోవద్దు. కనలెట్టో వేసిన వెనీసు దృశ్యం ముందు కాస్త ప్రక్కకు జరిగి నిలిచి, వెలుగు ఏటవాలుగా పడేటట్లు చూడండి. రంగు పొర మందం కంటికి తెలుస్తుంది. పాతపటం కొనేవారికి ఆ చూపే పెట్టుబడి. అచ్చుపటమైతే భూతద్దంలో చుక్కలు కనబడవచ్చును. కాన్వాసు గరుకును అచ్చులోనే ఒత్తిన దొంగపటాలూ ఉన్నవి గనుక, వెనుకవైపు త్రిప్పి గుడ్డ, మేకులు, చెక్క చూడకుండా డబ్బు తీయరాదు. వెనుక అంటించిన పాత చీటీలను చించరాదు. పటం ఎవరి చేతులు మారినదో చెప్పేవి అవే.

నీళ్ళతో మాత్రం కడుగవద్దు. ఈ మాట పుస్తకం చూచి చెప్పుతున్నది కాదు. నా పదవ ఏట, దసరాకు ఇల్లు కడుగుతూ, కుంకుడురసంతో ఆ పటాన్ని రుద్దినాను. మొదట గోధుమరంగు మురికి దిగినది, ఉత్సాహం పెరిగినది. పాతబడిన రంగుకు వెంట్రుకవాసి పగుళ్ళుంటాయనీ, నీరు వాటిలోనుండి దిగి అడుగుపూతను ఉబ్బించి రంగును లేపుతుందనీ నాకేమి తెలుసు? వెనుకకాలొకటి గుడ్డకు అంటుకొని వచ్చినది. తాతగారు నన్ను ఏమీ అనలేదు. రెండు రోజులు వసారాలో కూర్చోలేదు, అంతే.

తరువాత ఒకరు కాలు గీసి ఇస్తామన్నారు. ఎట్లా గీస్తారని అడిగితే, మునుపటివలెనే చాచి గీస్తామన్నారు. వద్దన్నాను. పటం ఇప్పటికీ ఎర్రుపాలెంలో, వానజల్లు తగలని లోపలి గోడకు ఉన్నది. గుర్రానికి మూడే కాళ్ళు.