అరికాలి గడ్డకు కత్తి యెప్పుడు?



నేను వైద్యుడను కాను. పొలముగట్లపై తిరిగి కాళ్ళరిగిన లెక్కల మనిషిని. నా యెడమ అరికాలి వంపున రేగుపండంత గడ్డ లేచినప్పుడు, మన బీరువాలోని సుశ్రుతసంహిత తిరగవేసి, అందలి ‘కదరము’ ఇదియే యని నిశ్చయించుకొంటిని. పెకలించి కాగిన నూనెతో కాల్చుట దాని చికిత్స. నూనె పొయ్యిమీద పెట్టించితిని కూడ. ఇంటియామె గిన్నె దింపివైచినది.

ఆమెయే గెలిచినది. కదరమనగా ఆనెకాయ, ముల్లో రాయో నాటుటచే చర్మమున పుట్టునది. నాది చర్మము క్రింద, మడమనుండి వ్రేళ్ళ మొదళ్ళకు వింటినారివలె సాగిన దళసరి పొరలో పుట్టినది. 19వ శతాబ్ది చివర దీనిని వర్ణించిన జర్మను శస్త్రవైద్యుడు లెడర్‌హోజ్ పేరే దీనికి నిలిచినది. పరీక్షించి రాచపుండు కాదనిరి. ఆ రాత్రి మా యింట అందఱును కడుపునిండ భుజించిరి.

“అయినచో కోసివేయరాదా?” యంటిని. గడ్డను మాత్రమే తీసిన తఱచుగా మరల మొలచునట. చుట్టుపొరతో విరివిగా తీసిన ఆ భయము తగ్గును గాని, గాయము మానుట ఆలస్యము; నరము దెబ్బతినవచ్చును; పాదపు వంపు దిగజాఱవచ్చును. నొప్పి నడకను ఆపునంతవఱకు కత్తి వలదనిరి. గడ్డ తగులుచోట గుంట తొలిచిన మెత్తని అట్టను చెప్పులో నమర్చుకొని ఈ సభకు నడచియే వచ్చితిని. నొప్పి హెచ్చినచో బల్ల యెక్కుదును. కోత మాత్రము బరువు మోపని ప్రక్కన పెట్టవలెనని వైద్యునితో ముందే మాట తీసికొంటిని.