నీట మునుగువాని గాలిగొట్టము

పెద్దలారా,

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో చెరువులేని ఊరు అరుదు. మా పోచారము జలాశయము నిజాము ప్రభుత్వకాలమున ఆలేరు వాగుపై 1916లో ఆరంభింపబడి 1922లో పూర్తియైనది. నూరేండ్లు దాటినను నేటికిని పొలములను తడుపుచున్నది. నీరు మనకు అన్నము పెట్టు తల్లి. అయినను ఈతకు పోయిన బాలుడో, వల వేయబోయిన బెస్తవాడో, బట్టలు జాడింప దిగిన ఇల్లాలో నీటిపాలైన వార్త ఎప్పుడో యొకప్పుడు మన చెవిని బడుచునే యున్నది. అట్టివేళ గట్టున గుమిగూడిన జనము పెద్దల ముఖమే చూచును. ఎవరిని దింపవలెను, ఎవరిని ఆపవలెను అను మాట మీ నోటనుండియే రావలెను. అందుచేత నేడొక చిన్న వస్తువును గూర్చి మీతో ముచ్చటింప దలచితిని. అది స్కూబా పరికరములో గాలి నింపు గొట్టము. దాని పొడవును, ఆ పొడవునకు చేయి అలవాటు పడుటయు నేటి విషయము. నేను విశాఖపట్టణమున సముద్రములో ఈ విద్యను అభ్యసించినవాడను గనుక, నా చేతి కనుభవమైన సంగతులే చెప్పెదను.

ఫ్రాన్సు దేశమున 1943లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా అను నిరువురు కలిసి నీటిలో ఊపిరి పీల్చుటకు అనువైన యంత్రమును సిద్ధపరచిరి. వీపున సిలిండరు, నోట రెగ్యులేటరు. ఆ సిలిండరులో ఉండునది ఆక్సిజను మాత్రమే యని పలువురు తలంతురు. సాధారణముగా అందుండునది మనము పీల్చు గాలియే; దానిని మిక్కిలి ఒత్తిడితో బిగించి నింపుదురు. దీనికి తోడుగా నీట మునుగువాడు ఒక కోటు ధరించును. దీనిని వాడువారు బి.సి.డి. యందురు. ఇందు గాలి నింపినచో మనుష్యుడు తేలును. గాలి తీసినచో మునుగును. ఎడమ భుజముమీదుగా రొమ్మున వ్రేలాడు ముడుతల రబ్బరు గొట్టము చివర రెండు మీటలుండును. ఒకటి నొక్కిన సిలిండరులోని గాలి కోటులోనికి వచ్చును. రెండవది నొక్కిన కోటులోని గాలి వెలుపలికి పోవును. దీనినే ఇన్‌ఫ్లేటరు అందురు.

ఈ మీటలతో పని యేల? గాలియొక్క స్వభావమే కారణము. ఒత్తిడి పెరిగినకొలది గాలి కుంచించుకొనునని రాబర్టు బాయిల్ అను పండితుడు 1662లో ప్రకటించెను. ఇరువది అడుగుల లోతునకు పోయినచో ఎనిమిది పాళ్ల గాలి అయిదు పాళ్లగును. ముప్పదినాలుగు అడుగులకు సగమగును. కావున దిగుచున్నకొలది మనుష్యుడు మరింత బరువై దిగును. తిరిగి లేచునపుడు అదే గాలి ఉబ్బును. ఉబ్బినకొలది వేగముగా పైకి ఈడ్చుకొని పోవును. అట్లు పోవువాడు ఊపిరి బిగబట్టినచో రొమ్ములోని గాలియు ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లవచ్చును. దీనికి గొప్ప లోతు అక్కరలేదు, నాలుగైదడుగులైనను చాలును. అందుచేత ఊపిరి ఎన్నడును బిగబట్టరాదు. నిమిషమునకు ముప్పది అడుగులకు మించక లేవవలెను. లేచుచు లేచుచు కోటులోని గాలిని కొంచెము కొంచెముగా వదలుచుండవలెను. ఆ వదలుట ఈ గొట్టము పని.

మన తాతలనాటి మోటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తోలు బొక్కెనకు అడుగున తొండముండెడిది. సన్నని తాడు ఆ తొండమును ఎత్తిపట్టినంతసేపు నీరు నిలిచెడిది; గట్టు చేరి తొండము వంగగానే నీరు కాలువలో పడెడిది. ఆ తాడు జానెడు హెచ్చుతగ్గైనచో నీరు బావిలోనే ఒలికెడిది, లేదా కాలువకు సరిగా చేరకుండెడిది. గాలిగొట్టము మోట తొండమునకు తలక్రిందులైన చుట్టము. నీరు పల్లమెరుగును, నీటిలో గాలి మిట్టనెరుగును. కావున గాలి పోవలెనన్న గొట్టమును భుజముకంటె పైకెత్తి మీట నొక్కవలెను. గొట్టము క్రిందికి వ్రేలాడుచుండగా నొక్కినచో, కోటులోని గాలి మీదనే నిలిచిపోవును.

ఇక పొడవు మాట. ఈ గొట్టములు పండ్రెండు మొదలు పదునారంగుళముల వరకు వాడుకలో నున్నవి. పొడుగుది సులభముగా పైకెత్తబడును. నోటికి అందును గనుక సిలిండరు గాలి అయిపోయినను నోటితో ఊది కోటును నింపుకొనవచ్చును. కాని అది అటునిటు ఊగును. తుంగలోను, వలలోను, మునిగిన తుమ్మకొమ్మలలోను తగులుకొనును. వెదకునపుడు చేతికి దొరకదు. పొట్టిది రొమ్మునకంటి యుండును, తగులుకొనదు, ఎల్లప్పుడు ఒకేచోట దొరకును. కాని దానిని ఎత్తుటకు చాలినంత నిడివి లేదు. ఒడలిని నిలువుగా చేసి, ఎడమ భుజమును మీదికి త్రిప్పినగాని గాలి పోదు.

సిలిండరునుండి మీటలకు గాలి తెచ్చు సన్నగొట్టము మరియొకటి గలదు. పెద్దగొట్టమును కురుచచేసి దీనిని నిడివిగా విడిచినచో ఇది విల్లువలె వెలుపలికి వంగి దేనికైనను తగులుకొనును. ఇదియే పొట్టియైనచో చేయి పైకెత్తనీయక పట్టిలాగును. రెంటిని కలిపియే కొలువవలెను. మరియు కొన్ని కోటులలో గొట్టమును మెల్లగా లాగినంతనే భుజమువద్ద గాలి పోవు ఏర్పాటుండును, కొన్నిట ఉండదు. లేనిదానిని లాగినచో గాలి పోకుండుటయే గాక, అతుకు ఊడవచ్చును.

మన గీతవాడు తాడిచెట్టెక్కుటకు ఇతరుని మోకు అడుగడు. ఆ మోకు అతని నడుమునకు, అతని కాలికి, అతని చెట్టునకు కొలిచినది. గాలిగొట్టమును అట్టిదే. నేను పదునారంగుళముల గొట్టమును విడిచి పండ్రెండంగుళములది తగిలించుకొన్నపుడు పదిదినములు లోతునకు దిగలేదు. మొదట ఒడ్డుననే నిలిచి, కన్నులు మూసికొని, ఎడమచేతితో గొట్టమును వెదకి పట్టుట, నింపుమీట, వదలుమీట, సన్నగొట్టపు బిగింపు ఊడదీయుట అభ్యసించితిని. ఈ కడపటిది మిక్కిలి ముఖ్యము. నింపుమీట ఇరుకుకొని గాలి ఆగక వచ్చుచున్నచో, ఆ బిగింపును వెంటనే ఊడదీయుటయే శరణ్యము. పిదప నడుములోతు నీటిలో, ఆపై నిలువులోతున అదే పని చేసితిని. చేయి తడుముకొనక నేరుగా చోటు చేరినపుడే అలవాటైనదని యెంచితిని. అలవాటు బుద్ధిలో గాక వ్రేళ్లలో నుండవలెను.

సముద్రములో కన్నులకు కొంత తోవ కనబడును. మన చెరువులలో రేగడిబురద కలగినచో తన చేయి తనకే కనబడదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరువద్ద పర్యాటకుల పడవ మునిగినది. అక్టోబరు 22న దానిని వెలికి తీయునప్పటికి సుమారు అయిదు వారములు గడచినవి. విశాఖపట్టణమునుండి వచ్చిన గజఈతగాండ్రు ఆ బురదనీట దిగి మోకులు తగిలించిరి. అట్టి నీటిలో కన్ను చేయు పనియంతయు చేయియే చేయవలెను. చేతికి గురుతులేని గొట్టముతో ఆ నీట దిగువాడు, కన్నులకు గంతలు కట్టుకొని పరాయి ఇంట దీపము వెదకువానివంటివాడు.

పెద్దలారా, గట్టుమీద మీరు అడుగదగిన ప్రశ్నలు మూడే. ఈ పరికరము నీదేనా, ఎరువు తెచ్చినదా? ఈ గొట్టముతోనే ఇంతకుముందు దిగితివా? కన్నులు మూసికొని మీటలు చూపగలవా? మూడవదానికి జంకినవానిని, ఎంత గజఈతగాడైనను, దింపకుడు. 2025 ఆగస్టు వరదలలో మన వాగులు ఎట్లు పొర్లినవో మీరెరుగుదురు. అట్టి ఒరవడిలో చేతికెంత అలవాటున్నను చాలదు. విపత్తు దళమువారు వచ్చువరకు ఆగుడు. నీట మునిగి గడియ దాటినవానికొరకు బ్రతికియున్నవానిని తొందరపెట్టి పంపుట ధర్మము కాదు. గట్టున ఏడ్చుచున్న తల్లి యెదుట ఈ మాట చెప్పుట కష్టమే. అయినను చెప్పవలసినవారు మీరే. రెండవ తల్లిని ఏడిపింపకుండుట మీ మాటలోనే యున్నది.