సగటు వాన ఎవరి చేలో కురుస్తుంది?



అనంతపురం గురించి ఎవరు మాట్లాడినా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అనే అంకెతో మొదలుపెడతారు. అంకె తప్పని నేననను. కానీ ఆ వాన పదునుకు పదును అందేలా పడటం వేరు, నాలుగు కుండపోతల్లో పడి మధ్యలో నలభై రోజుల బెట్ట రావడం వేరు. లెక్కల్లో రెండూ 'సాధారణ వర్షపాతమే'. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతోనే తేలదని అంబేడ్కర్ 1918లో చిన్న కమతాలపై వ్యాసంలో వాదించారు. వానకూ ఆ మాటే వర్తిస్తుంది.

అక్కడి ఎర్ర నేలలు చాలాచోట్ల పలచన, తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. వేరుశనగ ఊడలు దిగే వేళకు పైపొర ఎండి గట్టిపడితే కాయ పట్టదు. ఆ తర్వాత వాన పడితే మిగిలేది పశువుల మేతే. ఒకప్పుడు కొర్ర, జొన్న, కంది, అలసంద, ఆముదం కలిపి వేసేవారు. కంది వేరు లోతుకు పోతుంది, ఆలస్యంగా వచ్చిన వాననూ వాడుకుంటుంది. ఒక పంట పోయినా ఇంకోటి ఇంటికొచ్చేది.

దున్నని నేలదీ అదే తీరు. గడ్డి విత్తనాలన్నీ ఒక్క వానకే మొలవవు, కొన్ని మట్టిలోనే ఆగుతాయి. రేగు, తుమ్మ వేళ్లు లోతు తేమను వెతుక్కుంటాయి. అయితే ఈ ఓర్పుకూ హద్దుంది. గడ్డి పూర్తిగా పోయిన చోట పైమట్టి చెక్కు కడుతుంది, వచ్చిన వాన ఇంకకుండా జారిపోతుంది. అక్కడి నుంచి మంచి వాన పడ్డ ఏడాది కూడా నేల వెంటనే కోలుకోదు.

కోలుకోవడంలో హక్కుల పాత్ర ఎంతో నైజర్ చూపించింది. 1970, 80ల సాహెల్ కరువుల తర్వాత దక్షిణ నైజర్ రైతులు పొలాల్లోని మోడుల చిగుళ్లను కాపాడి చెట్లను తిరిగి తెచ్చుకున్నారు. వానలు కొంత మెరుగుపడటమూ కలిసొచ్చింది. కానీ చెట్టు సర్కారుది అన్నంత కాలం ఎవరూ దాన్ని కాపాడలేదు, తమదని నమ్మాకే కాపాడారు.

మన దగ్గర దళితులకు డీకేటీ పట్టాలుగా దక్కినవి చాలావరకు గుట్టవార, రాతి నేలలు. బెట్ట మొదట కొట్టేది వాటినే. రెవెన్యూ భాషలో చుట్టుపక్కల మేత భూములు 'బంజరు'. సోలార్ పార్కుకు చోటు వెతికేవాళ్ల కళ్లు ముందు వాటి మీదే పడతాయి. ఇక కరువు ప్రకటన మండలం లెక్కన జరుగుతుంది. ఊరికి ఆ దిక్కున పడ్డ వాన ఈ దిక్కున పడకపోవడం మెట్టలో మామూలే కదా!

అందుకే వర్షపాతంపై పనిచేసే మిత్రులను నేను అడిగేది ఇదే: మొత్తం వానతో పాటు వానకూ వానకూ మధ్య ఎన్ని రోజులో లెక్కించండి. ఆ పట్టిక పక్కన సర్వే నెంబరు, నేల లోతు, పట్టా ఎవరిదో కూడా రాయండి.