చిన్న ప్రకంపనల చిట్టా



జీవితమంతా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో కొయ్‌నా గురించి మాట్లాడతాను. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, పడమటి కనుమల్లో కట్టిన 103 మీటర్ల ఆనకట్ట అది. 1962లో జలాశయం నింపడం మొదలుపెట్టాక చుట్టుపక్కల ఊళ్లలో నేల అదరసాగింది. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 4 గంటల 21 నిమిషాలకు 6.3 మాగ్నిట్యూడ్‌తో వచ్చిన భూకంపం దాదాపు 200 మందిని పొట్టన పెట్టుకుంది. ఆనకట్ట బీటలు వారినా నిలబడింది. దాని లోపలి గ్యాలరీలో ఉన్న పరికరం ఆ కుదుపును నమోదు చేసింది. కాంక్రీటు ఆనకట్టల బలాన్ని లెక్కగట్టే ఇంజనీర్లు ప్రపంచమంతటా ఇప్పటికీ ఆ రికార్డునే వాడుతున్నారు.

అయినా నా మనసు ఆ పెద్ద భూకంపం మీద కన్నా, ఎవరి నిద్రా చెడగొట్టని చిన్న ప్రకంపనల మీదే ఉంటుంది. మాగ్నిట్యూడ్ ఒక మెట్టు దిగితే ప్రకంపనల సంఖ్య సుమారు పదింతలవుతుంది. 5 దాటినది ఒకటి వస్తే, 2 దాటినవి వెయ్యి దాకా ఉంటాయి. నేల లోపలి పగులు, అంటే భ్రంశం, ఎటు సాగిందో, ఎంత లోతుకు దిగిందో గీసి చూపేవి ఈ వెయ్యే.

ప్రకంపన ఎక్కడ పుట్టిందో దాని తరంగాలే చెబుతాయి. పి తరంగం ముందు వస్తుంది, ఎస్ తరంగం వెనుక వస్తుంది. రెంటి మధ్య గడిచిన సెకన్లను సుమారు 8తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో తేలుతుంది. చోటు తెలియాలంటే ప్రకంపనలు నమోదు చేసే కేంద్రాలు కనీసం మూడుండాలి. లోతు తెలియాలంటే వాటిలో ఒకటి బాగా దగ్గరగా ఉండాలి. కేంద్రంలోని గడియారం అర సెకను తప్పిందా, అప్పటికి పి తరంగం మూడు కిలోమీటర్లు పోయి ఉంటుంది. అందుకే కేంద్రానికి వెళితే నేను ముందు గడియారం సంగతే అడుగుతాను.

ఏళ్ల తరబడి ఆపకుండా రాసిన చిట్టాలోనే కొయ్‌నా గుట్టు బయటపడింది. వానలకు జలాశయం నిండాక ప్రకంపనలు పెరుగుతాయి. నీళ్లు తగ్గేటప్పుడు మరోసారి పెరుగుతాయి. అప్పటికే ఒత్తిడితో బిగిసి ఉన్న భ్రంశంలోకి నీటి పీడనం చేరి పట్టు సడలిస్తుంది. దక్షిణాన వార్నా జలాశయం నిండాక, 1990ల్లో ప్రకంపనలు అటువైపు పాకాయి. మధ్యలో ఒక్క అయిదేళ్లు రాయడం మానేసి ఉంటే ఈ కదలిక మనకు అందేదే కాదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అక్కడ నల్లరాతి పొరలను దాటి, కింది గ్రానైటులోకి బోర్లు వేసి పరికరాలు దించారు. పైనేల రొద తగలని ఆ లోతులో మరీ చిన్న ప్రకంపనలు కూడా దొరుకుతాయి.

ఇక మన గోదావరి లోయ. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3. యాభై అయిదేళ్ల ఎడం ఉన్న ఈ రెంటి మధ్య అక్కడి భ్రంశాలు ఏం చేశాయో చెప్పాల్సింది చిన్న ప్రకంపనలే. భూకంపం వచ్చిన ఏడాది పరికరాలు పంపి, మరుసటేడు మరిచిపోతే ఆ చిట్టా తయారు కాదు. ఆ లోయలో దగ్గర దగ్గరగా కేంద్రాలు పెట్టి, కనీసం ఒక తరం పాటు నడపాలి. పి ఎక్కడ మొదలైందో, ఎస్ ఎక్కడ మొదలైందో గుర్తించడం భద్రాచలం, ములుగు కళాశాలల పిల్లలు నేర్చుకోగలరు. ఆ రికార్డులు వాళ్ల చేతికి ఇవ్వమని ఈ వేదిక మీదనుంచి ప్రభుత్వాన్ని అడుగుతున్నాను.