పేదలను లెక్కించిన చాలునా?

(మార్కాపురమున గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



దారిద్ర్యమును గూర్చి మాటలాడుట మన సభలకు క్రొత్త కాదు. వానలు లేవనియు, బోరులు ఎండినవనియు, ఫ్లోరైడు నీరు త్రాగినవారి ఎముకలు వంగుచున్నవనియు, యువకులు పనికై దూరదేశములు పట్టుచున్నారనియు మీరెల్లరు ఎరుగుదురు. ఎరిగినదానినే మరల వినిపించి మీ కాలమును వ్యర్థపుచ్చుట మా అభిమతము కాదు. దారిద్ర్యమును పరిశోధించిన విద్వాంసులు కనుగొన్న ఒక సంగతిని మీ ముందుంచి, దానితో మన గ్రామములకేమి పని కలదో విచారింపగోరుచున్నాము.

హైదరాబాదున 1980లో వెలసిన ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము, సెస్ అను పేర ప్రసిద్ధమైనది, రాష్ట్ర ప్రభుత్వము కొఱకు 2007లో మానవాభివృద్ధి నివేదికను సిద్ధపఱచెను. విద్య, ఆరోగ్యము, ఆదాయము ఏ జిల్లాలో ఎట్లున్నవో అది తూచి చూపెను. ఇట్టి పని లేనిచో ప్రభుత్వమునకు చీకటిలో తడవులాటయే గతి. కాని జిల్లా సగటు విచిత్రమైన సాక్షి. అబద్ధమాడదు, నిజమంతయు చెప్పదు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములను కూర్చి ఒంగోలు జిల్లాను ఏర్పఱచిరి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చెను. చీరాల సముద్రతీరమును, గిద్దలూరు నల్లమల అంచును ఒకే సగటున కలిపినచో, కొండ క్రింది పల్లె కష్టము కోస్తా పంటలో కలిసి కనబడకుండ పోవును.

సగటు దాచు రెండవ నిజము ఇంతకంటె పెద్దది. అనిరుధ్ కృష్ణ అను పరిశోధకుడు ఆంధ్రప్రదేశమున 36 గ్రామములలో ఇంటింటి చరిత్ర విచారించి 2006లో ప్రకటించెను. ఇరువదియైదేండ్లలో నూటికి 14 కుటుంబములు దారిద్ర్యమునుండి బయటపడెను. ఆ కాలముననే మఱి 12 కుటుంబములు క్రొత్తగా అందులో పడెను. సగటు చూచువానికి రెండు కుటుంబముల మేలు మాత్రమే కనబడును. లేచిన పదునలుగురి శ్రమయు, కూలిన పన్నిద్దఱి గోడును ఆ రెండింటి చాటున మఱుగుపడును.

మహాశయులారా! మన కంభము చెరువును చూడుడు. గుండ్లకమ్మకు అడ్డముగ కొండల నడుమ పూర్వులు కట్టిన ఆ కట్టడమును అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో వారసత్వ కట్టడముగ గుర్తించెను. చెరువులోనికి ఎన్ని వాగులు వచ్చి చేరినను, కట్టకు పడిన గండిని పూడ్చనివాడు నీరు నిలుపలేడు. మన పథకములు చాలవఱకు వాగులు త్రవ్వుచున్నవి. గండిని చూచువారు తక్కువ.

ఆ గండి ఏది? రోగము, వైద్యవ్యయము, వివాహముల ఖర్చు, అధిక వడ్డీ అప్పు, కరవు: ఇవి కుటుంబములను పడద్రోయునని ఆ విచారణలో తేలెను. ఒక్కటే అయినచో ఓర్చుకొందురు. ఒకదానివెంట ఒకటి వచ్చినపుడు క్రుంగుదురు. సోమరితనము, త్రాగుడు వలననే పేదలైరని మన పట్టణపు అరుగులమీద సులభముగ తీర్పు చెప్పుదుము. ఆయన విచారణలలో ఆ కారణములకు దక్కినది స్వల్పభాగమే.

న్యాయవాద వృత్తిలో మేము భూవిక్రయ పత్రములు చూచుచుందుము. "కుటుంబ ఖర్చుల నిమిత్తము" అని ఒక మాట వ్రాసి విక్రయమునకు కారణము చూపుదురు. ఆ మాట వెనుక తండ్రి మూత్రపిండముల వ్యాధి కలదో, కూతురి కట్నము కలదో, ఎండిన మూడవ బోరుకై వ్రాసిన ప్రోనోటు కలదో పత్రము చెప్పదు. రిజిస్ట్రారు అడుగడు, మనమును అడుగము.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపన జరిగెను. కృష్ణాజలము ఈ సీమకు రావలసినదే. అందు సందేహము లేదు. కాని ఆ నీటికై ఎదురుచూచుచు పొలమమ్ముకొన్న రైతునకు నీరు వచ్చినను తిరిగి వచ్చునది కూలిపని మాత్రమే. కావున నీరు వచ్చువఱకు నేలను వాని చేత నిలుపుట నీటిని తెచ్చుటతో సమానమైన పని. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ శస్త్రచికిత్సల భారమును కొంత తగ్గించెను. అయినను రోగికి తోడుపోయినవాని పోయిన కూలికి లెక్క ఎక్కడిది?

విద్వాంసుల లెక్క విద్వాంసులయొద్దనే నిలిచినచో ఫలము లేదు. ప్రశ్న పల్లెలోనికి వచ్చినపుడే కదలిక పుట్టును. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ ఇంటి కూలిడబ్బు ఎక్కడికి పోవుచున్నదని 1992లో తమ్ము తామే ప్రశ్నించుకొనిరి. దానినుండి సారా వ్యతిరేకోద్యమము లేచెను. 1993లో సారా నిషిద్ధమయ్యెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలినది నిజమే. అయినను లెక్క అడుగుట నేర్చిన ఊరికి ఎంతటి బలము వచ్చునో రాష్ట్రమంతయు చూచెను.

కాబట్టి మేము కోరునది ఇది. ప్రతి పఠనమందిరమును తన గ్రామములో ఇట్టి విచారణ చేయవలెను. వృద్ధులను, స్త్రీలను, అన్ని వాడలవారిని ఒకచోట కూర్చుండబెట్టి, ఇరువదియైదేండ్ల క్రిందట ఏ ఇల్లు ఎట్లుండెను, నేడెట్లున్నది, ఏల మాఱెనని అడుగవలెను. కుటుంబముల పేర్లు గోడకు అంటింపరాదు. అది వారి మానమునకు హాని. కారణములను మాత్రమే లెక్కించి గ్రామసభలో బిగ్గరగా చదువవలెను. వడ్డీ ముఖ్యకారణమని తేలినచోట పొదుపు సంఘములు ముందుకు రావలెను. పెండ్లి ఖర్చని తేలినచోట పెద్దలు మొదట తమ ఇండ్లలో తగ్గించి చూపవలెను. రోగమని తేలినచోట వైద్యుని కొఱకు ఊరంతయు కలిసి అర్జీ పెట్టవలెను. ఆ అర్జీలు వ్రాయుటకు మా న్యాయవాదులము సిద్ధముగ నున్నాము, ఫీజు అక్కఱలేదు.

పడినవానిని లేపుటకు పది చేతులు కావలెను. పడబోవువానిని ఆపుటకు ఒక చేయి చాలును. ఆ చేయి వేళకు చాచవలెనన్న, ఎవడు పడబోవుచున్నాడో మనము ఎరిగి యుండవలెను.