పందెపు బల్ల వద్ద ఓర్పు

పేకాటను గురించి రేడియోలో ప్రసంగమా అని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. ఆడుమని చెప్పుటకు నేను రాలేదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టమే చేసినది. రమ్మీలో ప్రధానమైనది నేర్పు అని 1968లో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యములోనిదే. కనుక ఈ తగవు మనకు కొత్తది కాదు. అయినను, ఉత్తుత్తి బిళ్ళలతో పోకరు ఆడే పిల్లలు మన యిండ్లలో ఉన్నారు. ఆ ఆట చట్టసమ్మతమైన దేశాలలో మన బంధువులూ ఉన్నారు. తొందరపాటు మనిషిని ఎట్లా లోబరచుకొంటుందో చూడడానికి ఇంతకంటె స్పష్టమైన అద్దము దొరకదు.

పోకరు పోటీలో అందరూ సమానమైన రుసుము కట్టి, సమానముగా బిళ్ళలు పుచ్చుకొంటారు. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవలసినదే. టెక్సాస్ హోల్డెమ్ అనే రకములో ఒక్కొక్కరి చేతికి రెండేసి ముక్కలు పంచి, అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు బల్లమీద విప్పుతారు. 52 ముక్కలలో నుండి రెండింటిని 1,326 విధాలుగా ఎన్నుకోవచ్చును. అందులో రెండు ఆసులు వచ్చేవి ఆరే. అనగా 221 పంపకాలకు ఒకసారి. ఏదో ఒక జంట రావడమైనా పదిహేడింట ఒకసారి మాత్రమే. వచ్చిన ముక్కలలో అధికభాగము పారవేయదగినవే అన్నమాట. ఇక 221 సార్లు పంచినా ఆసుల జంట ఒక్కసారి కూడా కనబడకపోవడానికి మూడింట ఒక వంతుకు పైగా అవకాశమున్నది. దీనిని దురదృష్టమనడం తగదు. లెక్క అట్లా ఉన్నది.

అట్లని ఊరక కూర్చుండడానికీ వీలులేదు. వంతుల వారీగా పెట్టి తీరవలసిన నిర్బంధపు పందెము కొంతసేపటికొకసారి పెరుగుతూ ఉంటుంది. ఎల్లకాలము వేచియుండేవాడిని ఆ పందెమే తినివేస్తుంది. కనుక ఇక్కడ ఓర్పు అంటే నిద్ర కాదు. వేట కాచే కొంగ ఒంటికాలిమీది ఓర్పు.

క్లబ్బులో బల్లచుట్టూ కూర్చుండి ఆడితే గంటకు ఇరవయ్యయిదు ముప్ఫయి పంపకాలు జరుగుతవి. తెరమీద అంతకు రెండింతలు సులభముగా జరుగుతవి. కొందరు ఒకేసారి నాలుగయిదు బల్లలు తెరచుకొంటారు. ముక్కలు ఏరి, కలిపి, కోయించి పంచేటప్పుడు కోపము చల్లారడానికి దొరికే ఆ అరనిమిషము అక్కడ లేదు. ఓడిన మరుక్షణమే కొత్త ముక్కలు కళ్ళ ముందుంటవి, వ్రేలు మీట మీద ఉంటుంది.

అసలు పరీక్ష మంచి ముక్కలు ఓడినప్పుడు వస్తుంది. చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడికి రెండు రాజులు ఉన్నవనుకొందాము. సర్వస్వమూ ఒడ్డినా అయిదింట నాలుగుసార్లు ఆసులదే గెలుపు. అయిదవసారి? అట్టి మేలైన పందెమునే వరుసగా నాలుగుసార్లు ఒడ్డినవాడు నాలుగింటిలోను నిలిచే అవకాశము నూటికి 41 మాత్రమే. ఈ సంగతి ఎరిగినవాడు ఓటమిని చూచి తన ఎంపిక తప్పని అనుకొనడు. ఎరుగనివాడు తనకు అన్యాయము జరిగినదని భావించి, తరువాతి పంపకములో ఇస్పేటు ఏడూ డైమను రెండూ వచ్చినా పందెము కాస్తాడు. ఆంగ్లములో దీనిని టిల్ట్ అంటారు. పిన్‌బాల్ యంత్రాన్ని కోపముతో కుదిపితే అది ఆడడం మానివేస్తుంది, అక్కడినుండి వచ్చిన మాట. పోయిన చోటే వెతుక్కోవాలని మనవాళ్ళు అంటారు. జారిపడిన ఉంగరానికి ఆ సలహా చాలును, జూదములో పోయిన రొక్కానికి చాలదు.

1982లో లాస్ వేగస్ ప్రపంచ పోటీలో జాక్ స్ట్రాస్ అనే ఆటగాడికి ఒక దశలో ఒకే ఒక బిళ్ళ మిగిలినది. ఆయన ఆ పోటీనే గెలిచినాడు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు—అది ఆయన అసలు పేరే—నూరు డాలర్లలోపు రుసుముతో ఆన్‌లైన్ పోటీ గెలిచి, అదే ప్రపంచ పోటీలో ప్రవేశించి, 839 మందిలో ప్రథముడై 25 లక్షల డాలర్లు పుచ్చుకొన్నాడు. 2006 నాటికి ఆ పోటీకి వచ్చినవారు 8,773 మంది. వారందరినీ అక్కడికి లాగినది ఆ 25 లక్షలే అని నా అభిప్రాయము. దినాల తరబడి ముక్కలు పారవేస్తూ కూర్చున్న గంటలను టెలివిజన్‌లో ఎవరు చూపుతారు?

మన ధర్మరాజు కథలో అందరూ మొదటి జూదమునే తలచుకొంటారు. ధృతరాష్ట్రుని దయవల్ల పోయినదంతా తిరిగి చేతికి వచ్చినది. ఇంద్రప్రస్థానికి బయలుదేరినాడు కూడ. మరల కబురు వచ్చినది. అప్పుడు ఆయన ఎందుకు వెనుదిరిగినాడన్నది నాకు ద్రౌపదీ పరాభవమంత బరువైన ప్రశ్నగానే తోస్తుంది.

ఇంట్లో కుఱ్ఱవాడు ఉత్తుత్తి బిళ్ళలతో ఆడుతూ ఉంటే, గెలిచినప్పుడు వాని ముఖము చూడకండి. పెద్ద మొత్తము పోయిన తరువాత వచ్చిన మొదటి రెండు ముక్కలను వాడు ఏమి చేస్తాడో చూడండి.